పది లెక్కపెట్టే లోపు

దబ్బనం మొనతో పాత పరుపు కుట్లు నాలుగు పైకి లేపి, కత్తెరతో తెంపి, ఐదోదాన్ని చేత్తో పట్టి లాగాడు జాన్ బాషా. మిగతా పురికొస దానంతట అదే ఊడి వచ్చింది. పన్నెండేళ్లు ఇద్దరు మనుషుల బరువు మోసిన దూది లోపల గడ్డలు కట్టి, చెమట రంగుకు తిరిగి ఉంది. తువ్వాలు ముక్కు మీదికి లాక్కుని, ఒక గడ్డను రెండు చేతులా చీల్చి, వరండా వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

“ఇదిగో సైమా, దూది! పాత దూది. నాన్న చీలుస్తన్నాడు.”

అన్నాక చెవులు వేడెక్కాయి. ముప్పై మూడేళ్ల మనిషి, ఎవరూ ఏమీ అడక్కుండానే, చేస్తున్న పనిని పైకి చెప్పుకోవడం! ఇట్లా చెప్పడం మొదలుపెట్టి పదిహేను రోజులైనా ఆ సిగ్గు పోలేదు.

వరండా చివర, దుమ్ము పడని మూలన, రెండేళ్ల తొమ్మిది నెలల సైమా నాయనమ్మ లాల్‌బీ ఒళ్లో కూర్చుని చూస్తోంది. నల్లటి పెద్ద కళ్లు. ఆ కళ్లలోకి అన్నీ వెళతాయి. నోట్లోంచి మాత్రం ఏదీ బయటికి రాదు. నీళ్లు కావాలంటే నాయనమ్మ చేయి పట్టుకుని చెంబు మీద పెడుతుంది. చాలాసార్లు ఆ పని కూడా ఉండదు. పిల్ల చెంబు వైపు చూసేసరికే లాల్‌బీ గ్లాసు నింపి ఉంటుంది.

ఇంటి ముందు ఆ ఇంటాయన రామాంజనేయులు మిరపకాయలు ఆరబోశాడు. అద్దంకి చుట్టుపక్కల ఈ రోజుల్లో ఏ ఇంటి ముందు చూసినా అదే ఎరుపు. అందుకని బాషా వచ్చీ రాగానే పిడికెడు దూది గాల్లోకి వదిలి, అది ఎటు పోతుందో చూసి, దూది ఏకే మిషను ఉన్న ట్రాలీ ఆటోను వెనక సందులో పెట్టాడు. కాయల్లో దూది పడితే ఏరడం ఎవరి తరమూ కాదు. అతని భార్య జైనాబీ తెల్లవారకముందే కూలీల ఆటోలో మిరపకోతకు పోయింది. సీజను అయ్యేదాకా పిల్ల పగలంతా నాయనమ్మతోనే, నాయనమ్మ బాషాతోనే.

“ఏరా బాషా, ఎవరితో రా మాటలు?” కాయలు తిరగేస్తూ అరిచాడు రామాంజనేయులు. “ఇన్నేళ్లూ నోట్లో దూది కుక్కుకున్నట్టుండేవాడివి. ఇప్పుడు పరుపుక్కూడా కథలు చెప్తన్నావే!”

బాషా తువ్వాలు కింద నవ్వాడు. జవాబు లాల్‌బీ దగ్గర నుంచి వచ్చింది.

“పిల్లకి చెప్తన్నాడయ్యా. డాక్టరమ్మ చెప్పమంది. చేసే పని చేసినట్టు చెప్తా ఉంటే పిల్లకి మాటలొస్తయ్యంట.”

డాక్టరమ్మ అంటే అఖిల. గురువారాలు అద్దంకి వచ్చి, మాటలు రాని పిల్లలకు నేర్పే అమ్మాయి. సైమా చెవులకు పరీక్ష చేయించింది, బాగానే ఉన్నాయంది. చెక్క బొమ్మలతో గంటసేపు ఆడించింది. పిల్ల అన్నీ అర్థం చేసుకుంటోంది, మాట ఆలస్యమవుతోంది, నెలల తరబడి ఓపిగ్గా పని చేయాలి అని చెప్పింది. “ఎవరి తప్పూ కాదండీ,” అని రెండుసార్లు అంది. ఆఖర్న ఇంకొకటి చెప్పింది. పిల్ల దేనివైపైనా చూస్తే వెంటనే ఇవ్వొద్దు. దాని ముఖంలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టండి. ఏదో ఒక శబ్దం చేయడానికి దానికి చోటివ్వండి. చేయకపోతే ఆ మాట మీరే అని ఇచ్చేయండి, ఏడిపించొద్దు.

ఆ పది లాల్‌బీ వల్ల కాలేదు. మొదటి రోజు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మూడు దాకా వెళ్లేసరికి చేయి చెంబు మీదికి పోయింది. రెండో వారం అఖిల దగ్గర దొంగలా నిలబడి, “నా నోరు మూసినా చెయ్యి ఆగటం లేదమ్మా,” అని ఒప్పుకుంది. అఖిల నవ్వి, పర్లేదన్నట్టు ఆమె చేయి నొక్కింది.

మిషను స్టార్టు చేశాడు. సందంతా ఆ మోతతో నిండింది. గడ్డలు ఒక వైపు పోయి మరో వైపు పొగలా, మెత్తగా, తెల్లబడి బయటికి వస్తున్నాయి. ఈ మోతలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు. బాషాకు ఈ పని నచ్చడానికి అదే కారణమని అతనికి ఎప్పటినుంచో తెలుసు.

తనకూ నాలుగేళ్లు నిండేదాకా మాట రాలేదట. లాల్‌బీ వస కొమ్ము అరగదీసి నాకించిందట, చిలక కొట్టిన జామకాయ ఎక్కడ దొరికినా తెచ్చి తినిపించిందట. వచ్చాక కూడా ఆ మాట ఎక్కువగా వాడకానికి రాలేదు. బళ్లో మాస్టారు పేరడిగితే కిటికీ బయట నుంచి లాల్‌బీ చెప్పింది. నాన్న పోయాక, ఇళ్లు తిరిగి పని అడిగింది ఆమె. దూది ఎంత పడుతుందో, ఎంత వెడల్పు వస్తుందో, ఏ రోజు కుదురుతుందో అన్నీ ఆమే మాట్లాడేది. అతను తల ఊపేవాడు. పెళ్లిచూపుల్లోనూ అంతే. “నిన్ను చూసి కాదు, మీ అమ్మ మాట చూసి ఒప్పుకున్నా,” అని జైనాబీ ఇప్పటికీ అంటుంది.

మాటలు రాని మనిషికి లోకం ఎంత కరుకుగా ఉంటుందో బాషాకు తెలియదు. తెలియకుండా మధ్యలో ఒక మనిషి అడ్డం నిలబడింది. పిల్ల పుట్టి, అది మాట్లాడకపోవడం మొదలయ్యాకే, తన చుట్టూ ఇన్నేళ్లూ ఎంత మెత్తటి దూది పరిచి ఉందో అతనికి చేతికి తగిలింది.

మధ్యాహ్నం మిషను ఆపాడు. రామాంజనేయులు భార్య కోటిరత్నం మజ్జిగ తెచ్చింది.

“బాషా, కొత్త దూది ఎంత కలపాలంటావు? ఈ పాతది సరిపోద్దా?”

బాషా నోరు తెరిచాడు. లెక్క అతని చేతుల్లో ఉంది. ఏకిన పోగును చూస్తేనే తెలుస్తుంది.

“మూడు కిలోలు కలపాలమ్మా,” అంది లాల్‌బీ.

“మరి మధ్యలో కుట్లు దగ్గరగా వేస్తావా, దూరంగానా?”

“జానెడుకొకటి వేస్తాడు. నడుం నొప్పి మనుషులు గదా మీరు.”

ఆ మాట అంటూనే సైమా చూపు గ్లాసు మీద పడటం గమనించి, మజ్జిగ పిల్ల నోటికి అందించింది. కోటిరత్నం నడుం మీద చేయి వేసుకుని ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

“ఏందే లాల్‌బీ! అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు పిల్ల అడక్కముందే తాపుతున్నావు. సరే, అది పసిది. ఈ మీసాలోడి మాట కూడా నువ్వే మాట్లాడాల్నా? వాణ్ని చెప్పనీవే తల్లీ!”

ఎకసెక్కమే. కోటిరత్నం మాటలో విషం ఉండదు. తనే ముందు పగలబడి నవ్వింది. రామాంజనేయులూ నవ్వాడు. లాల్‌బీ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. పిల్ల మూతికంటిన మజ్జిగ తుడుస్తున్న చేయి కూడా ఆగింది. సైమా ముఖంలోకి చూసింది, తర్వాత కొడుకు ముఖంలోకి. రెండు ముఖాల్లోనూ అదే నిదానం. ఎవరో అందిస్తారని ఎదురుచూస్తున్న నిదానం.

“అట్టాంటిదేం కాదమ్మా,” అన్నాడు బాషా. ఎవరికీ వినపడలేదు.

సాయంత్రం దాకా లాల్‌బీ మాట్లాడలేదు. అతను కొత్త తొడుగులో దూది నింపి, కర్రతో కొట్టి సర్ది, జానెడుకొక కుట్టు వేశాడు. మధ్య మధ్యలో పిల్లకు చెబుతూనే ఉన్నాడు. ఇదిగో దారం. ఇదిగో ముడి. నాన్న చెయ్యి లోపలికి పోయింది, మళ్లీ వచ్చింది. ప్రతి వాక్యం చివరా అలవాటుగా అమ్మ గొంతు కోసం ఆగాడు. అది రాలేదు.

ఇల్లు చేరేసరికి జైనాబీ ఇంకా కోత నుంచి రాలేదు. లాల్‌బీ కాళ్లు కడుక్కుని, అన్నం వండి, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

“కౌసర్ దగ్గరికి పోతా,” అంది. కౌసర్ బాషా చెల్లెలు. కొత్తపట్నంలో ఉంటుంది. “ఎన్నాళ్ల నుంచో రమ్మంటంది.”

“కోటిరత్నమ్మ ఏదో సరదాకన్నది.”

“అన్నది నిజమే గదరా.”

“డాక్టరమ్మ ఎవరి తప్పూ కాదంది గదమ్మా.”

“తప్పని నేను మాత్రం అన్నానా? నా చెయ్యి ఆగదు. ఆగని చెయ్యిని దూరంగా పెట్టుకోవాలి, అంతే. రేపటి నుంచి పిల్లని నువ్వే చూసుకుంటా పని చేసుకో. కోతలైనాక జైనాబీ ఉంటది.”

“ఎన్ని రోజులు?”

లాల్‌బీ సంచి ముడి బిగించింది. “పిల్ల ఫోన్లో నన్ను రమ్మనాల. ‘దా’ అన్నా చాల్లే. పరిగెత్తుకుంటా వస్తా.”

బస్టాండులో ఎండ వాలింది. ఒంగోలు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. లాల్‌బీకి ఒంగోలు పాత బస్టాండు తెలుసు. ఈ మధ్య కొత్తపట్నం బస్సులు ఎక్కడ ఆగుతున్నాయో తెలియదు. మామూలుగా అయితే ఈపాటికి కండక్టరునూ, పక్క సీటు ఆమెనూ, బఠాణీలు అమ్మేవాణ్నీ అడిగి, వాళ్ల పిల్లల పేర్లు కూడా తెలుసుకుని ఉండేది. ఈసారి బస్సు మెట్టు పక్కన నిలబడి కొడుకు వైపు చూస్తోంది. ఏమీ అనదు. కళ్లార్పదు. పెదవులు మాత్రం సన్నగా కదులుతున్నాయి.

బాషాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె లెక్కపెడుతోంది.

అతను సైమాను భుజం మీద సర్దుకుని, కండక్టరు దగ్గరికి రెండడుగులు వేశాడు.

“ఏవండీ. మా అమ్మ కొత్తపట్నం పోవాల. ఒంగోల్లో ఎక్కడ మారాలండీ?”

“మన బస్సు ఆగే చోటే, పక్క ప్లాట్‌ఫారం. అరగంటకొకటుంది.”

“పెద్దామె. కొంచెం చూసి ఎక్కించండి.”

“ఎక్కిస్తాలే అన్నా, దిగులు పడమాక.”

అంతే. అంత చిన్న పని. వెనక్కి తిరిగేసరికి లాల్‌బీ ముఖమంతా నవ్వు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయేమో, ఎండ ఎదురుగా ఉండి కనిపించలేదు.

“తొమ్మిది దాకా ఆగానురా,” అంది. “ఇంకొకటి అయ్యుంటే నేనే అడిగేదాన్ని.”

అమ్మకు చెప్పాలని బాషాకు చాలా ఉంది. బడి కిటికీ గురించి, నాన్న పోయిన ఏడాది గడప గడపకూ తిరిగిన ఆమె కాళ్ల గురించి. తన నాలుకను ఆమె ఇన్నేళ్లు మోసింది, ఒక్కరోజు బరువన్న మాట లేదు. అదంతా పోగు పడి ఉంది, ఎక్కడ పట్టుకుని లాగితే వస్తుందో తెలియలేదు.

“నువ్వుండబట్టే అమ్మా,” అన్నాడు. “నేనింత మనిషినైంది.”

ఆమె అతని చెంప మీద అరచేయి పెట్టింది. పిల్ల తలను ముద్దు పెట్టుకుని బస్సెక్కింది. బస్సు వెనక్కి వచ్చి, మలుపు తిరిగి, గేటు దాటి పోయింది. అది కనుమరుగయ్యే దాకా సైమా చూస్తూనే ఉంది. ఏడవలేదు. బస్సు పోయిన చోటు మీద నుంచి చూపు తెచ్చి, సిమెంటు బల్ల మీద పెట్టింది.

బల్ల మీద వైరు బుట్ట. అందులో చిన్న స్టీలు గిన్నె. దారిలో తినడానికని లాల్‌బీ కలుపుకున్న పెరుగన్నం. ఇంటిల్లిపాది ఆకలీ ముందే కనిపెట్టే మనిషి తన ఆకలిని బల్ల మీద మర్చిపోయింది.

బాషా కూర్చుని, గిన్నె మూత తీశాడు. సైమా అతని చేయి పట్టుకుని అన్నం మీద పెట్టింది. చేతి వేళ్లు వాటంతటవే ముద్ద చేయబోయాయి. ఆపాడు. వంగి, పిల్ల ముఖానికి ముఖం ఎదురుగా పెట్టి, లెక్క మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. పిల్ల గిన్నె వైపు చూసింది. మూడు, నాలుగు. పక్కకు చూసింది, నాయనమ్మ ఉండాల్సిన వైపు. అక్కడ ఎవరో సంచి దించుకుంటున్నారు. ఐదు. ఆరు. వినుకొండ బస్సు హారను కొట్టింది. ఏడు. పిల్ల గడ్డం వణికింది, పెట్టేద్దామనిపించింది. అమ్మకు రోజూ ఇదా! మూడు దాకా ఆగడమే ఎంత గొప్ప! ఎనిమిది. తొమ్మిది. సైమా కళ్లు అతని నోటి మీదికి వచ్చి నిలిచాయి. పది.

పది అయిపోయింది. ఇక తనే అనాలి. “బువ్వ,” అన్నాడు నెమ్మదిగా. “సైమాకు బువ్వ.” ముద్ద ఎత్తాడు.

పిల్ల ముద్ద అందుకోలేదు. అతని పెదవులనే చూస్తూ తన రెండు పెదవులూ గట్టిగా మూసింది. లోపల ఏదో పోగు చేసుకుంటున్నట్టు బుగ్గలు నిండాయి. పెదవులు విడిపోయాయి.

“బూ.”

బస్టాండులో ఎవరూ తల తిప్పలేదు. బఠాణీలవాడు అరుస్తూనే ఉన్నాడు. బాషా ముద్ద పెట్టాడు. పిల్ల నమిలి, మింగి, అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలన్నట్టు, మళ్లీ అంది.

“బూ.”

మళ్లీ పెట్టాడు. ఎవరికని దణ్ణం పెట్టాలి? అల్లాకు, అఖిలకు, కోటిరత్నమ్మ వెటకారానికి, ఇంకా సింగరకొండ కూడా దాటి ఉండని ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషికి. ఫోను జేబులోనే ఉంది. తీయలేదు. ఇది ‘దా’ కాదు. రేపు మళ్లీ బువ్వ ఉంది, తర్వాత నీళ్లు ఉన్నాయి, ఆ తర్వాత ‘దా’ వస్తుంది. ఆగడం అతనికి ఇప్పుడే చేతనవుతోంది.

సగం అయ్యేసరికి సైమా కడుపు నిండి, అతని ఛాతీకి తల ఆనించి నిద్రపోయింది. ఒళ్లో గిన్నె అలాగే ఉంది. ఇటు సగం ఖాళీ. అటు సగంలో, పెరుగన్నం మీద, లాల్‌బీ మూత పెట్టే ముందు అదిమిన నాలుగు వేళ్ల గుర్తులు.