బావ అన్న పోనీ

అందరూ తాబేలని పిలిచే డ్రైవరు పొద్దున్నే బుల్లి పొక్లెయిన్ చుట్టూ, కొత్త పెళ్లాం చుట్టూ తిరిగినట్టు తిరుగుతాడు. చెయిన్ల కింద వంగి చూస్తాడు, ఎక్కి బెల్టు పెట్టుకుంటాడు, రెండుసార్లు హారన్ కొడతాడు, తొండం మోకాలెత్తుకు దించి అప్పుడు కదులుతాడు. ఈలోగా తాపీమేస్త్రీ రెండో టీ కూడా తాగేస్తాడు. ఇంట్లో అన్నం పెట్టమనడానికి కూడా ముందు హారన్ కొడతాడని కూలీలు చెప్పుకుంటారు. రెండేళ్ల కిందటి వరకూ మాత్రం అతని పేరు గాలిదుమారం.

ఆ సైటులో అరిచిన మాట గాల్లోనే ఉండిపోతుంది. చెప్పిన పని అయ్యాకే రాలుతుంది. సూపర్‌వైజరు అరిచిన ‘తొందరగా’లు గేటు దగ్గర ఎంత గుట్టపడ్డాయంటే, లారీలు పక్కదారిన రావాల్సిందే.

వెనక గోడ దగ్గర ఒక ‘పోనీ’ వేలాడుతోంది. అది తాబేలు బావది. చెల్లెలి మొగుడు, బండికి సైగలిచ్చే మనిషి. రెండేళ్ల కిందట ఒక రోజు తాబేలు ఇంజన్ ఆపకుండానే “ఇంకాస్త వెనక్కి రానా బావా?” అని అరిచాడు. ‘పోనీ’ అని వినిపించింది. పోనిచ్చాడు. బావ గోడకూ బండికీ మధ్య ఉండిపోయాడు.

సైగ తప్పని చచ్చినవాడి మీదే రాశారు. చచ్చినవాడు కాదనడు కదా. పోనిచ్చాక కూడా ఆ మాట ఎందుకు రాలలేదని ఎవరూ అడగలేదు. అడిగితే పని ఆగుతుంది. మిక్సర్ల రొదలో దూరానికి ఆ రెండక్షరాలే వినిపించేవి. దగ్గరికి వెళ్లేవాళ్లు లేరు. సైగల పని చెల్లెలికిచ్చారు. అన్నతో ఆమెవి పని మాటలే.

ఇవాళ ఆ గోడ పక్కనే పైపుకు కాలువ తవ్వాలన్నారు.

“ఇంకో బండిని పెట్టండి సార్,” అన్నాడు తాబేలు.

“మీ మామగారు పంపిస్తాడా?” అన్నాడు సూపర్‌వైజరు.

వెళ్లాడు. గోడ దగ్గర మట్టి మెత్తగా తగిలింది. బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, “అమ్మాయ్, ఇంకో అడుగు రానా?” అని చెల్లెల్ని అడిగాడు. మిక్సర్లు కూడా భోజనాలకు ఆగాయి. చెవి పక్కనే బావ గొంతు నింపాదిగా వినిపించింది.

“పోనీలే బావా, ఇవాళ్టికి చాలు.”

ఇంజన్ ఆగే ఉంది. చెప్పిన పని అయినట్టే. మాట రాలి మట్టిలో కలిసిపోయింది.

“విన్నావా?” అన్నాడు తాబేలు.

“రోజూ వింటున్నా. అందరూ తిండికి పోయినప్పుడు ఇక్కడే నిలబడేదాన్ని.”

“మరి చెప్పలేదేం?”

“తప్పుడు సైగవాడి పెళ్లాం చెబితే నమ్ముతారా? నువ్వెప్పుడొస్తావా అని చూశాను.”

ఇక ఆ మాట లేదు. నోరు మూసుకుంటే తాబేలు నిక్షేపంగా బండి నడుపుకోవచ్చు. తన పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. తాళం తీసి, పిడి పట్టుకుని మెల్లగా దిగి, ఆఫీసు గదికి నడిచాడు.

“బావ ఆపమన్నాడు సార్. పోనిచ్చింది నేను. కాగితం మార్చండి.”

“మతి పోయిందా? జైలుకు పోతావయ్యా,” అన్నాడు సూపర్‌వైజరు.

“రాయండి.”

గుమాస్తా ఆ పాత కాగితం వెతికి తీసి, బావ పేరు కొట్టేశాడు. పక్కన రాయడానికి ఇతని అసలు పేరేమిటన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు ఇంటిపేరుతో సహా చెప్పింది. గుమాస్తా ఒక అక్షరం తప్పు రాస్తే దిద్దించింది కూడా.