ముప్పై ఏడో జవాబు

కోటు లోపలి అంచు కొద్దిగా విప్పి, అక్కణ్నుంచి నాలుగు పోగులు లాగి, ఒకదాన్ని సూదిలోకి ఎక్కించింది ప్రశ్నలక్క. మోచేతి దగ్గర చిరుగు బొత్తామంత ఉంది. ముందు నిలువు పోగులు పరుచుకోవాలి. తర్వాత అడ్డపోగు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి పోవాలి. దారం ఆ బట్టలోదే కాబట్టి, పని పూర్తయ్యాక అతుకెక్కడుందో కోటు తొడుక్కునే ఆసామికి కూడా తెలియదు. లాండ్రీ కొట్లో ఈ రఫ్ఫు పని చేసేది ఆమె ఒక్కతే. అందుకే వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్క బల్ల ఆమెకిచ్చారు. వెనకాల ఇస్త్రీ యంత్రం రోజంతా ఉస్సురంటూ ఆవిరి వదులుతుంటుంది.

మనిషి పొట్టి. ఏళ్ల తరబడి వంగి కుట్టడంతో మెడ ముందుకొచ్చేసి, నిటారుగా నిలబడ్డా నేల మీద ఏదో వెతుకుతున్నట్టే కనిపిస్తుంది. కళ్లద్దాలు ముక్కు కొసన నిలబడి, ఏ క్షణాన్నయినా దూకేస్తామని బెదిరిస్తుంటాయి. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక లేక అంటుంది. ఆ మాట అబద్ధమని చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

ఈ శనివారం మాత్రం నిలువు పోగు రెండుసార్లు తప్పింది. తప్పిన పోగును లాగేసి మళ్లీ మొదలుపెట్టింది. ఆమెకు భయంగా ఉంది.

ప్రశ్నలక్క అన్న పేరు చర్చిలో వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం పిల్లలకు ప్రశ్నోత్తరి నేర్పుతోంది. దేవుణ్ని నమ్మినవాడు ఏం నమ్మాలో, ఎలా నడుచుకోవాలో ఎనభై ప్రశ్నలకు ఎనభై జవాబులుగా కుదించిన చిన్న పుస్తకం అది. అవన్నీ అప్పజెప్పి పరీక్షలో నెగ్గితేనే పిల్లలకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పుస్తకం అచ్చు ఆగిపోయి చాలా కాలమైంది. ఆమె ఒక్కొక్క మాటా చెబుతుంది, పిల్లలు అంటారు. ఆమె నోరే పుస్తకం. కసాయి కొట్టు ఆయన, బస్సు కండక్టరు, ఈ లాండ్రీ యజమాని కూడా ఆమె దగ్గర అప్పజెప్పినవాళ్లే. ఆమె కన్నా రెండేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. ఆమెకది కొంచెం కష్టంగానే ఉంటుంది.

నిన్న సాయంత్రం కొత్త పాస్టరు కొట్టుకు వచ్చి, అచ్చు వాసన పోని పుస్తకం ఒకటి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మళ్లీ వేయించారు అక్కగారూ. రేపు పరీక్షలో పుస్తకం చూసుకుంటూ ఎనభై ప్రశ్నలూ అడుగుతాను. మీ పిల్లలకు భయమేముంది లెండి!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

పిల్లలకు ఏ భయమూ లేదు. గుండెల్లో రాయి పడింది ఆమెకే.

ఆమెకు పదేళ్లప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రశ్నోత్తరిలో ముప్పై ఏడో ప్రశ్న ఉన్న పేజీ కింది సగాన్ని ఏడాది వయసు చెల్లెలు నమిలి మింగేసింది. ఆ కుటుంబంలో పుస్తకాన్ని నిజంగా ఒంటబట్టించుకున్నది అదొక్కతేనని తర్వాత చాలా ఏళ్లు నవ్వుకున్నారు. "పొరుగువానికి కీడు చేసినవాడు ఏమి చేయవలెను?" అన్నది ప్రశ్న. "తన పాపమును దేవుని యెదుట ఒప్పుకొని," వరకు జవాబు మిగిలింది. మిగతాది చెల్లెలి కడుపులో ఉంది. మర్నాడే పరీక్ష. ఆ వారంలోనే ఆమె పక్కింటి కిటికీ అద్దం పగలగొడితే, అమ్మ చెవి పట్టుకుని, చీకటి పడకముందే వాళ్ల గుమ్మం దాకా నడిపించి, తప్పు నాదండీ అనిపించింది. దేవుడు కూడా అమ్మ చెప్పినట్టే చెప్పి ఉంటాడనుకుని, పుస్తకం భాషలోనే మిగతాది పూర్తి చేసుకుంది: "ఆ దినమున ప్రొద్దు గ్రుంకక మునుపే పొరుగువాని గుమ్మమునకు వెళ్లి, తప్పు నాది అని చెప్పవలెను."

పరీక్ష చేసిన అప్పటి పాస్టరు అయ్యగారు తల వంచి ఆమె ముఖంలోకి చూసి, "పుస్తకంలో అలాగే ఉందా?" అని అడిగారు.

"ఉందండి" అంది.

ఆయన తలూపి నెగ్గించారు.

ఇరవై రెండేళ్ల వయసులో ఎవరింట్లోనో పాత సామాన్ల మధ్య పేజీలన్నీ ఉన్న పుస్తకం కంటబడింది. అందులో గుమ్మం లేదు, పొద్దూ లేదు. "ఆయన క్షమాపణ వేడుకొని, మరల ఆలాగు చేయకుండునట్లు జాగ్రత్తపడవలెను" అని ఉంది, అంతే. ఆ సరికే ఆమె మూడేళ్లుగా పిల్లలకు తన సొంత కవిత్వం బట్టీ పెట్టిస్తోంది. వచ్చే ఏడాది దిద్దుదాం అనుకుంది. వచ్చే ఏడాది కూడా అలాగే అనుకుంది. తర్వాత వచ్చిన పాస్టర్లు ఒక్కో పిల్లను రెండు ప్రశ్నలు అడిగి, గడియారం చూసుకుని నెగ్గించేవారు. అడిగినవాడు లేడు, ఆమె చెప్పిందీ లేదు.

దిద్దలేకపోవడానికి కారణం పిరికితనమొక్కటే కాదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పొద్దు వాలే వేళ ఆ వీధుల్లో ఎవరో ఒకరు ఇంకొకరి గుమ్మం ముందు చేతులు నలుపుకుంటూ నిలబడటం మామూలైపోయింది. పొద్దున బస్సులో ముసలాయన్ని కసిరిన కండక్టరు సాయంత్రం ఆయన ఇల్లు వెతుక్కుంటూ నాలుగు వీధులు తిరిగాడు. ఏడేళ్లుగా మాట్లాడుకోని తోడికోడళ్లలో చిన్నామె ఒకరోజు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది, పొద్దు కుంకిపోతుందని. చర్చి ముఖం చూడనివాళ్లకు కూడా ఆ అలవాటు అంటుకుంది. అలాంటి జవాబును వెనక్కి ఎలా తీసుకోవడం? అది పుస్తకంలో లేదంటే రేపెవరు ఎవరి గుమ్మం తొక్కుతారు?

మధ్యాహ్నం తపాలా ఆఫీసులో కౌంటరు మూసి చెల్లెలు క్యారేజీతో వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే క్యారేజీలో తింటారు. ప్రశ్నలక్క రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. చెల్లెలు గిన్నె ముందుకు తోసి కళ్లతోనే నిలదీసింది. అప్పుడు చెప్పింది అంతా, ముప్పై ఆరేళ్ల తర్వాత మొదటిసారి.

చెల్లెలు నోట్లోది నమలడం మర్చిపోయింది. "అయితే నేను తిన్నదానికి నువ్వు ఇన్నాళ్లూ అరిగించుకోలేక చస్తున్నావా!"

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వక ఏం చెయ్యను? సరే విను. ఉన్నది ఐదుగురు పిల్లలు. గంట ముందు పిలిచి కొత్త జవాబు బట్టీ పెట్టించెయ్. పాస్టరుకు తెలియదు, పిల్లలకు పట్టదు. గండం గడుస్తుంది."

"ఇంకో అతుకు వెయ్యమంటావా?"

చెల్లెలు గిన్నెలు సర్దుకుంటూ, "పోనీలే, నేను కూడా వచ్చి వెనక కూర్చుంటాను. తిన్నది నేనే కదా" అంది. ఆ మాటకు ప్రశ్నలక్కకు ఏడుపొచ్చినంత పనైంది.

నాలుగింటికి చర్చి పక్క గదిలో ఐదుగురు పిల్లలూ బల్ల మీద వరసగా కూర్చున్నారు. సున్నం పెచ్చులూడిన గోడ, ఒక నల్లబల్ల, కుంటి మేజా. పాస్టరు పుస్తకం తెరిచి వాక్యాల కింద వేలు జరుపుతూ అడుగుతున్నాడు. పిల్లలు గడగడా అప్పజెబుతున్నారు. ఇరవై, ముప్పై, ముప్పై ఆరు దాటాయి. ప్రశ్నలక్క గోడకు ఆనుకుని నిలబడింది. చెల్లెలు చివరి కుర్చీలో కూర్చుని, తప్పు చేసిన పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ముప్పై ఏడు. పొరుగువానికి కీడు చేసినవాడు ఏమి చేయవలెను?"

మొదటి పిల్ల చెప్పింది. పాస్టరు వేలు ఆగింది. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ అదే చెప్పింది. రెండోవాణ్ని అడిగాడు. మూడోవాణ్ని అడిగాడు. ఐదుగురూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పారు.

పాస్టరు తలెత్తాడు. "అక్కగారూ, తప్పును ఐదుగురూ ఇంత తప్పు లేకుండా ఎలా చెబుతున్నారండీ?"

ఆమె గోడ వదిలి ముందుకొచ్చింది.

"అది పుస్తకంలోది కాదండి. నాది. చిన్నప్పుడు పేజీ చిరిగిపోతే నేనే అల్లాను. తప్పని తెలిశాక కూడా ముప్పై ఆరేళ్లు అదే నేర్పాను. పిల్లలను మాత్రం పరీక్షలో తప్పించకండి. వాళ్లు నేను చెప్పిందే చెప్పారు."

పాస్టరు పుస్తకం వంక చూశాడు, ఆమె వంక చూశాడు, నెమ్మదిగా పుస్తకం మూశాడు.

"నేను ఇక్కడికి వచ్చిన రెండో వారం కరెంటు పని చేసే ఆయన సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చాడు. మీ ప్రసంగం వింటే నిద్రొస్తుందని పదిమందితో అన్నానండి, తప్పు నాది, అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంతో కాదు. నేను చదువుకున్న చోట అన్నేళ్లలో ఒక్కరు కూడా అలా వచ్చి చెప్పలేదు. ఈ ఊరి మనుషులకు ఇదెవరు నేర్పారా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను."

చెల్లెలు చివరి కుర్చీలో ముక్కు చీదింది.

"కానీ ఒక మాట," అన్నాడు పాస్టరు, గొంతు గట్టి చేసి. "పుస్తకంలో లేనిది ఉందని చెప్పకూడదు అక్కగారూ. ఏది పుస్తకం మాటో, ఏది మీ మాటో పిల్లలకు తెలియాలి."

"తెలియాలండి" అంది. పిల్లల వైపు తిరిగి పుస్తకంలోని జవాబు నిదానంగా, ఒక్కొక్క మాటా చెప్పింది. వాళ్లు అన్నారు. మూడోసారికి వచ్చేసింది.

ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని అందరూ ఎందుకమ్మ అని పిలిచే చివరి పిల్ల చెయ్యెత్తింది. "మరి ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్లాలా, వద్దా?"

ఇన్నేళ్లూ ప్రశ్నలక్క భయపడింది ఈ ప్రశ్నకే.

"వెళ్లాలమ్మా," అన్నాడు పాస్టరు. "మళ్లీ అలా చెయ్యకుండా జాగ్రత్తపడమంటోంది కదా పుస్తకం. వెళ్లి ముఖాన చెప్పాల్సి వస్తుందంటే జాగ్రత్తపడనివాడెవడు? మిగతావి ఇక అడగను, అందరూ నెగ్గారు. రేపు తెల్లబట్టలు వేసుకుని రండి."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తిండి సరిగ్గా తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, కడుపులో పేగులు అరిచాయి. చెల్లెలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంటికి పోదాం పద" అంది.

"నువ్వు పద. నాకింకో గుమ్మముంది."

పదేళ్లప్పుడు ఆమెను నెగ్గించిన అయ్యగారు చర్చి వెనక చిన్న ఇంట్లో కోడలి దగ్గర ఉంటున్నారు. తొంభై దాటాయి. నడక మానేసి రెండేళ్లయింది. ఆమె వెళ్లేసరికి కిటికీ దగ్గర దిండుకు ఆనుకుని ఎండ కాచుకుంటున్నారు. గదిలో మందుల వాసన, మరిగిన టీ వాసన. ఆమె లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అయ్యగారూ, ముప్పై ఏడో ప్రశ్నకు నేను చెప్పింది పుస్తకంలో లేదండి. ఉందని మీతో అబద్ధమాడాను. తప్పు నాది."

ఆయన ఆమె వైపు తిరిగారు. "నాకు తెలుసమ్మా. ఆ పుస్తకం నాకు కంఠతా కదా. ఇవాళో రేపో నువ్వే వస్తావని కనిపెట్టుకుని ఉన్నాను." దిండు సర్దుకుని, "ఎన్నాళ్లయింది?" అన్నారు.

"నలభై ఎనిమిదేళ్లండి."

ఆయన కిటికీ వైపు చెయ్యి చూపించారు. "పొద్దు కుంకిందా?"

ఆమె వంగి చూసింది. ఎదురింటి కప్పు మీద ఇంకా జానెడు ఎండ ఉంది.

"ఇంకా లేదండి."

"అయితే సరిపోయింది. లోపలికి రా, టీ తాగు."

ఆమె నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, రెండు కప్పులు టీ తాగింది. ఇంటికి వెళ్లి అన్నం తిని, ఎన్నాళ్లుగానో లేనంత గాఢంగా నిద్రపోయింది.

బుధవారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న పెద్ద అయ్యగారు మళ్లీ లేవలేదు. తపాలా ఆఫీసు నుంచి చెల్లెలు పరుగున వచ్చి చెబితే, ప్రశ్నలక్క సూది బట్టలోనే గుచ్చి లేచింది. దారంతా దుఃఖం పొర్లుకొచ్చింది. వేళ దాటకుండా వెళ్లగలిగానన్న నిమ్మళం కూడా దాంతోపాటే వచ్చింది. దానికి ఆమె సిగ్గుపడలేదు.

కోడలు గుమ్మంలోనే ఎదురై, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. "మొన్న సోమవారం నాలుగింటికి బండి పిలిపించమన్నారు అక్కా. నేనూ వెళ్లాల్సిన ఇల్లొకటుందమ్మా అన్నారు. వద్దన్నా వినలేదు. ఏరు దాటాక ఒక సందులో దిగి, నా భుజం పట్టుకుని ఎవరో ముసలావిడ గుమ్మం దాకా నడిచారు. నన్ను దూరంగా ఉండమన్నారు. ఏం చెప్పారో తెలియదు గానీ, ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు బండిలో పాట పాడారక్కా, నా పెళ్లయ్యాక ఆయన పాడగా వినడం అదే మొదలు."

ప్రశ్నలక్క లోపలికి వెళ్లబోతూ తల దించింది. గడప పక్కన, మొన్నటిదాకా రెండేళ్లు ఎవరూ తొడగని ఆయన చెప్పులు జతగా ఉన్నాయి, అడుగున ఏటి అవతలి ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది.