పాడుపెట్టిన ఇంట్లో భీముడు

శివరామయ్యగారు పోయిన నక్షత్రం మంచిది కాదనీ, మూడు నెలలు ఇల్లు పాడుపెట్టాలనీ పంతులుగారు చెప్పారు. పెద్దకర్మ కాగానే కోడలు జయలక్ష్మి తలుపులకు తాళం వేసి, కూతురు వీణను తీసుకుని రేపల్లెలో పుట్టింటికి వెళ్లిపోయింది. గడువు తీరేదాకా ఆ ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి తేకూడదట. దాంతో వీణ పెంచుకుంటున్న గడ్డం తొండ లోపలే ఉండిపోయింది. ఆస్ట్రేలియా జాతిది, మూరెడు పొడవుంటుంది. పేరు భీముడు. గాజుపెట్టెలో వేడి బల్బు కింద ఉంటుంది. దానికి రోజూ మేతా నీళ్లూ ఎవరో ఒకరు చూడాలి.

తెనాలిలో ఆ వీధివాళ్లెవరూ ఆ గడప తొక్కం అన్నారు. బయల్దేరే ముందు జయలక్ష్మి పక్కింటి హుస్సేన్ బీని అడిగింది.

“మీకు నక్షత్రాల పట్టింపు లేదుగా వదినా. మీ అమ్మాయిని రోజుకోసారి పంపించవా?”

“నక్షత్రాలు లేవుగానీ, భయాలు మాకూ ఉన్నాయమ్మా,” అని నవ్వుతూనే హుస్సేన్ బీ తాళంచెవి అందుకుని కూతురు తబస్సుమ్ చేతిలో పెట్టింది.

తబస్సుమ్ పదో తరగతి. నలుగురిలో నోరు విప్పని పిల్ల. తొండతో మాట్లాడక్కర్లేదు కదా అని ఒప్పుకుంది.

మొదటిరోజు పొద్దున్నే కాలవగట్టున మిడతలు పట్టి, మునగాకు దూసుకుని వెళ్లింది. భీముడు మేత వైపు చూడలేదు. ముందుకాలు ఒకటి ఎత్తి, గాలిలో మెల్లగా తిప్పి, దించింది. కాసేపాగి మళ్లీ ఎత్తింది. దానికెదురుగా శివరామయ్యగారి పడక్కుర్చీ తప్ప ఏమీ లేదు.

రెండోరోజూ అంతే. మూడోరోజు గాజుకు పేపరు అంటించింది. అది పేపరు వైపే చెయ్యి ఊపింది. నాలుగోరోజు పెట్టెను గోడవైపు తిప్పి పెట్టింది. చూస్తుండగానే భీముడు లోపల ఒళ్లంతా తిరిగి, కుర్చీకి ఎదురుగా నిలబడింది. దాని గడ్డం బొగ్గులా నల్లబడింది.

ఐదోరోజుకి డొక్కలు లోపలికి పోయాయి. అక్కడినుంచే వీణకి ఫోన్ చేసింది. తిండి మానేస్తే ఎక్కువ రోజులు బతకదక్కా అని వీణ ఏడ్చింది. చెయ్యి ఎందుకు ఊపుతోందని తబస్సుమ్ అడిగింది.

“తనకంటే పెద్దది కనిపిస్తే ఊపుద్దక్కా. నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యొద్దు అని. అక్కడ ఎవరున్నారు?”

“నేనేగా,” అంది తబస్సుమ్.

ఫోన్ పెట్టేశాక ఇంట్లో బల్బు జుయ్యిమనే చప్పుడొక్కటే మిగిలింది. బయటికి పరుగెత్తాలనిపించింది. వెళ్లిపోతే ఇది చచ్చిపోతుంది. తీసుకెళ్లిపోదామంటే, నమ్మి తాళం ఇచ్చినవాళ్ల మాట ఉంది. శివరామయ్యగారు బతికున్నన్నాళ్లూ వీధరుగు మీంచి “ఏ క్లాసమ్మా నువ్వు?” అని అడిగేవారు. తను ఒక్కసారీ బదులివ్వలేదు. తలొంచుకుని వెళ్లిపోయేది.

తబస్సుమ్ కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది. భీముడి లాగే కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది.

“తాతగారూ, నేను హుస్సేన్ బీ కూతుర్నండి. పదో తరగతండి. దీనికి మేత పెట్టడానికొచ్చాను. మీరు కూర్చుంటే అది తినట్లేదండి.”

ఏమీ జరగలేదు. తర్వాత, కిందికి వేలాడుతున్న పడక్కుర్చీ గుడ్డ, మనిషి లేచినప్పుడు బిగిసినట్టు, నెమ్మదిగా పైకొచ్చింది. కుర్చీ కొయ్య ఒకసారి కిర్రుమంది.

వెనక గాజుపెట్టెలో టప్‌మని చప్పుడైంది. భీముడు మిడతను నోట కరిచింది. గడ్డం మళ్లీ ఇసకరంగుకి తిరుగుతోంది. ఒకదాని తర్వాత ఒకటి మిడతలన్నీ తినేసింది. తబస్సుమ్ నీళ్లు మార్చి, మునగాకు పెట్టి, వాకిట్లోకొచ్చింది.

తాళం వెయ్యబోయి ఆగింది. పెద్దవాళ్లకు దారిచ్చినట్టు గుమ్మం పక్కకి తప్పుకుని, తలొంచుకుని కాసేపు నిలబడింది. అప్పుడు తాళం వేసింది.