తలుపు వేషం

మా షెడ్డులో కడిగిన సీసాలకు గడ్డి పరుపు ఉంది. వాటిని వెలుగుకెత్తి పగుళ్ళు చూసే ఆడవాళ్ళకు మాత్రం ఉత్త గచ్చు. పొద్దస్తమానం నిలబడే చూడాలి. మా వదిన మోకాళ్ళు వాచి కుండల్లా అయ్యాయి. ఆ పని పోతే ఇంకోటి దొరికే వయసు కాదు. ఒక్క స్టూలు వేయించమని అడిగితే మేస్త్రీ ఒకటే మాటన్నాడు.

"కూర్చుంటే కునుకొస్తుంది. నిలబడలేకపోతే ఇంట్లో పడుకో. నీ చోటుకి వేరే మనిషొస్తుంది."

ఆ ఏడు కంపెనీ వార్షికోత్సవానికి పనివాళ్ళ చేత నాటకం ఆడించమన్నాడు యజమాని. నేర్పడానికి ఒకాయన వచ్చేవాడు. రాసిన మాటలుండవు, అప్పటికప్పుడు పుట్టించాలి. మేం ఆయన్ని ఆటలాయన అనేవాళ్ళం.

"ఎదుటివాడు ఏది విసిరినా కాదనకండి. అవునని పట్టుకోండి. మీదొకటి కలిపి తిరిగి విసరండి. కాదన్నారా, కథ అక్కడే చస్తుంది," అనేవాడు. "చేత్తో కుండ పెట్టినట్టు చేస్తే అక్కడ కుండ ఉన్నట్టే. తన్నుకుంటూ పోకండి."

నేను పెట్టెలు మోసేవాణ్ణి. మాటలు తక్కువ. ఆటలాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు తలుపువి," అన్నాడు.

"సరిపోయింది. ఇంట్లోనూ మా మరిదిది అదే వేషం," అంది వదిన.

"కిర్రుమంటే చాలా?" అన్నాను.

"అబ్బో, తలుపుకి డైలాగు కూడానా!" అంది వదిన.

నాటకానికి ముందు మేస్త్రీ వచ్చి వేలు చూపించాడు. "స్టూలు మాటెత్తారో, మర్నాడు గేటు బయటే."

వదిన మాటెత్తలేదు. స్టూలే ఎత్తింది. వేదిక మధ్యకొచ్చి, రెండు చేతులతో లేని స్టూలు మోసుకొచ్చి దింపింది. కొంగుతో దుమ్ము దులిపింది. అందరికీ అర్థమైంది. మేస్త్రీకీ అర్థమైంది. వేదిక మీదికి దూసుకొచ్చాడు. మెట్ల దగ్గర తలుపునై నిలబడ్డ నేను కిర్రుమని తెరుచుకున్నాను.

"ఆ స్టూలు తియ్! తీసెయ్ ముందు!"

లేని స్టూలు. జనం గొల్లుమన్నారు.

"అవునండీ, తీస్తాను. రండి అల్లుడుగారూ!" అంది వదిన. ఎత్తి ఆయన ముందు వేసింది. "మీకోసమే. ఇంట్లో ఉన్నదొక్కటే, కూర్చోండి."

"నేను నీకు అల్లుణ్ణేమిటే? ఆపు నాటకం!"

"అవునండీ, ఆపేస్తాను, మీరు కూర్చోగానే. మా అమ్మాయి మీది కోపం నా మీద చూపిస్తే ఎలాగ?"

ముందు వరుసలో యజమాని పొట్ట పట్టుకున్నాడు. "మన మేస్త్రీలో ఇంత కళ ఉందని తెలీదయ్యా!"

మేస్త్రీ తేలుకుట్టిన దొంగలా వెనక్కి తిరిగాడు. నేను మూసుకున్నాను.

"తియ్యరా," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

తలుపులు మాట్లాడవు.

"వానకి చెక్క ఉబ్బింది అల్లుడుగారూ," అంది వదిన. "మీరు కూర్చుంటే గానీ తెరుచుకోదు."

"నాకొద్దు! నువ్వే కూర్చో! కూర్చుని చావు!"

"అవునండీ, కూర్చుంటాను. రేపట్నుంచి పనిలో కూడా." వదిన జనం వైపు తిరిగింది. "అల్లుడుగారి మాట అందరూ విన్నారుగా?"

"విన్నాం!" షెడ్డు రేకులు అదిరాయి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది యజమానే.

వదిన కూర్చుంది. వాచిన మోకాళ్ళతో గాలి మీద కూర్చోవడమంటే ఏమిటో పక్కనున్న తలుపుకి తెలుసు. కాళ్ళు గడగడ వణికాయి. చప్పట్లు ఆగేదాకా లేవలేదు.

మర్నాడు పనిలో ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి వదిన వెనక పెట్టాను. కూర్చుని సీసా వెలుగుకెత్తింది. మేస్త్రీ వచ్చాడు. ఆమెనేమీ అనలేదు. నావైపు తిరిగాడు.

"ఆ పెట్టె తీసెయ్."

బల్ల పొడుగునా ఎత్తిన సీసాలు ఎత్తినట్టే ఆగాయి.

"అవునండీ," అన్నాను. "ఇది చిన్నది. పెద్దది తెస్తాను."

పెద్దది తెచ్చి వదినకి వేశాను. చిన్నది పక్కావిడ వెనక బోర్లించాను.

"తలుపు మాట్లాడిందర్రోయ్," అంది వదిన, సీసా మీంచి కన్ను తియ్యకుండా.

మేస్త్రీ మొహం కందగడ్డయింది. "రెండూ తియ్!" అన్నాడు.

"అవునండీ," అన్నాను. మూడోది తేవడానికి వెళ్ళాను.