కాలరు లోపలి పేరు

పిల్ల ఫోనులో నింపుతున్న కాలేజీ ఫారంలో ఆ ఒక్క గడే ఎర్రగా మిగిలిపోయింది. తల్లి ఎవరి దగ్గర పనిచేస్తోందో ఆ యజమాని ఇచ్చిన ఉత్తరం, దుకాణం పేరు అచ్చువేసిన కాగితం మీద, సంతకంతో కావాలట. శుక్రవారంలోగా అందకపోతే ఆర్థిక సహాయం సంగతి పరిశీలించలేమని అమెరికా యూనివర్సిటీవాళ్లు ఎంతో మర్యాదగా రాశారు. ఆ సహాయం లేకపోతే పిల్లకు సీటొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

అమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే, "దానికేం, అన్నయ్యగారిని అడుగుదాం. రెండు ముక్కలు రాస్తే ఆయన చెయ్యేం అరిగిపోదు," అంది.

అన్నయ్యగారంటే స్కూలు యూనిఫారాలు అమ్మే షాపాయన. మెడలో టేపు వేలాడటమే గానీ చేత్తో సూది పట్టి ఎరగడు. అందుకని కుట్టేవాళ్లంతా చాటున ఆయన్ని 'టేపు' అంటారు. ఆ షాపు పంపే బట్టముక్కల్ని పద్నాలుగేళ్లుగా అమ్మ ఇంట్లోనే చొక్కాలుగా కుట్టి ఇస్తోంది.

మంగళవారం తల్లీకూతుళ్లు కౌంటరు ముందు నిలబడ్డారు. పిల్ల విషయం చెప్పింది. టేపు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి నవ్వాడు.

"యజమానా? నేనెవరికి యజమానిని తల్లీ! మీ అమ్మ నాకు పనిమనిషా? చెల్లెలు! చెల్లెలికి ఎవడైనా జీతం కాగితం రాసిస్తాడా?"

"మీ దగ్గర కుడుతున్నానని ఒక్క ముక్క రాయండన్నయ్యా, చాలు."

"నా దగ్గరెక్కడమ్మా, మీ ఇంట్లో కదూ కుడుతున్నావు! రేపు ఏ ఆఫీసువాడో ఇది పట్టుకొచ్చి ఈమెకు సెలవులేవి, పెన్షనేదని అడిగితే? అయినా ఏమ్మా ఫారినమ్మా, ఇక్కడి కాలేజీలకు తలుపులు మూసేశారా?"

పిల్లకు చెవుల దాకా మండింది. అమ్మ మాత్రం కాలర్ల లోపల కుట్టాల్సిన షాపు పేరు లేబుళ్ల కొత్త కట్ట తీసుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చాక పిల్ల ఊరుకోలేకపోయింది. "అక్కడా ఇదే తంతు అమ్మా. వాళ్ల దేశం పిల్లలకైతే డబ్బుందా లేదా అని చూడకుండా సీటిస్తారట. మనలాంటి బయటివాళ్లు సహాయం అడిగితే మాత్రం అదీ చూసుకునే సీటివ్వాలా వద్దా అని తేలుస్తారట. ఈ సంగతి కింద చిన్నక్షరాల్లో వేశారు. పైన పెద్దక్షరాల్లో 'ప్రపంచమంతా మా కుటుంబమే' అని!"

అమ్మ మిషను ఆపింది. "కుటుంబమన్నారా? అంటే వాళ్లూ చెల్లెమ్మా అన్నారన్నమాట."

మళ్లీ మిషను కదిలింది. ఈసారి చప్పుడు వేరేగా ఉంది.

గురువారం పొద్దున్నే ఇద్దరూ చెరో మూటా మోసుకెళ్లారు. షాపు నిండా జనం. టేపు ఒక చొక్కా విదిలించి కాలరు తిరగేశాడు. ఇంకోటి తీశాడు. మరోటి తీశాడు.

"చెల్లెమ్మా, లేబులేది?"

అమ్మ కట్ట తీసి కౌంటరు మీద పెట్టింది. దాని ముడి కూడా విప్పలేదు.

"మీ షాపు పేరు నేనెలా కుడతాను సారూ? నేను మీ దగ్గర పనిచేయడం లేదు కదా."

పద్నాలుగేళ్లలో మొదటిసారి 'సారూ' అనిపించుకుని టేపు బిత్తరపోయాడు. "ఇదేం వేళాకోళం! సాయంత్రం స్కూలువాళ్ల వ్యానొస్తోంది. లేబుల్లేకపోతే సరుకు ముట్టుకోరు!"

"అలాగా? షాపు పేరు లేకపోతే మా పిల్ల కాగితమూ ముట్టుకోరట."

బట్టలు కొనడానికొచ్చిన ఒకావిడ కిసుక్కున నవ్వింది. టేపు మొహం కందగడ్డయింది.

"బెదిరిస్తున్నావా? నీలాంటివాళ్లు పదిమంది దొరుకుతారు నాకు!"

"పిలవండి మరి. సాయంత్రంలోగా ఇన్ని కాలర్లకూ లేబుళ్లు వేయాలి. చెల్లెళ్లకేం కొదవ మీకు!"

టేపు కాసేపు అమ్మ వైపు, కాసేపు గడియారం వైపు చూశాడు. చివరికి షాపు పేరున్న కాగితం లాగి, విసుగ్గా రాసి పడేశాడు. పిల్ల అందుకుని చదివింది. 'ఈమె నాకు చెల్లెలితో సమానం' అని మొదలుపెట్టాడు.

"ఇది కాదండీ. ఇంకో కాగితం తీయండి," అంది పిల్ల. అంత పెద్ద గొంతు తనకుందని తనకే తెలియదు. "పద్నాలుగేళ్లుగా మా షాపుకు బట్టలు కుడుతున్న దర్జీ అని రాయండి. నిజం రాయడానికి చుట్టరికం ఎందుకు?"

రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర మాత్రం బల్ల విరిగేలా గుద్దాడు.

అమ్మ షాపులోనే ఒక మిషను ముందు కూర్చుని లేబుళ్ల కట్ట విప్పింది. పక్కన నిలబడి పిల్ల ఉత్తరాన్ని ఫోటో తీసి ఫారంలోకి ఎక్కించింది. ఎర్రగడి పచ్చబడింది.

ఫారం పంపేముందు చివరి ప్రశ్న వచ్చింది. 'మీరు ఆర్థిక సహాయం కోరుతున్నారా?' కాదని పెట్టు, సీటొచ్చే వీలెక్కువ అని స్నేహితురాళ్లంతా చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పారు.

పిల్ల 'అవును' మీద వేలు పెట్టింది. గట్టిగా నొక్కితే ఫోనుకేం తెలుస్తుంది? అయినా గట్టిగానే నొక్కింది.