ఆపరేషన్ అయినంక

"ఆపరేషన్ అయిన ఆడిదానికి వాంతులేందే?"

సాలమ్మ ఆ మాట పెద్దగా ఏం అనలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఎదురింటి మేక ఈనిందని చెప్పినంత మామూలుగా అంది. నల్లా దగ్గర అన్నం గిన్నె తోముతున్న కీర్తన మోచేత్తో మూతి తుడుచుకుని, "రాత్రి కూర పడలేదత్తమ్మా" అంది. గడప మీద చాయ్ తాగుతున్న ఆమె మొగుడు శామ్యూల్ గ్లాసు మాత్రం నోటి దాకా పోయి అక్కడే ఆగింది.

కూర కాదని కీర్తనకు అప్పటికే తెలుసు. ముందు రోజు జనగామలో తను పనిచేసే బట్టల షాపులో, పై అంతస్తులోని బాత్రూంలో పరీక్ష చేసుకుంది. ఆ బాత్రూంకు పోవాలన్నా సూపర్‌వైజర్‌ను అడిగి పోవాలి. "మళ్లీనా?" అని అతను అందరి ముందు నవ్వాడు. రెండు గీతలు తేలాక ఆమెకు సంతోషం కలగలేదు, దుఃఖమూ రాలేదు. మొట్టమొదట వచ్చిన ఆలోచన ఒక్కటే: నన్నెవరు నమ్ముతారు?

చిన్నోడికి ఏడాది నిండాక ఆపరేషన్ మాట వచ్చింది. ఒక ఆడపిల్ల, ఒక కొడుకు, ఇక చాలనుకున్నారు. మగవాళ్లకు కోత పెద్దగా ఉండదట, ఆ రోజే ఇంటికి రావచ్చునట అని ఆమె శామ్యూల్‌తో మెల్లగా అని చూసింది. "నేను కోపిచ్చుకుంటే డీసీఎం బండిల పత్తి బోరాలు నీ అయ్య ఎత్తుతడా?" అన్నాడు. "ఆడోళ్లు ఉండంగ మొగోడు కోపిచ్చుకునుడేంది, నలుగురు నవ్వుతరు" అంది సాలమ్మ. అట్లా కత్తి కీర్తన పొట్ట మీదికే వచ్చింది. కుట్లు మానకముందే బిందె ఎత్తింది, బట్టలు పిండింది. "ఇగ రంది లేదు" అన్నాడు శామ్యూల్. ఎవరి రంది పోయిందో ఆమె అడగలేదు. తరువాత మూడేళ్లూ ఆ రంది లేనితనం మీద అతను హాయిగా నిద్రపోయాడు. నెల ఒక రోజు ఆలస్యమైతే కళ్లు తెరుచుకుని పడుకునే అలవాటు మాత్రం ఆమెకు పోలేదు.

సాలమ్మ అలా అడిగిన రోజే, పిల్లలను బడికి పంపాక కీర్తనే శామ్యూల్‌కు చెప్పింది. దాచితే ఇంకా పెద్ద తప్పవుతుందనిపించింది. శామ్యూల్ అరవలేదు, చెయ్యెత్తలేదు. తాడు మీది అంగీ ఎవరిదని అడిగినట్టు, "ఎవనిది?" అని అడిగాడు.

"గదేం మాట? నీది గాక ఎవలది?"

"నాదెట్లయితది? సీజన్ల నేను వారానికొక్కపారి ఇంటికొస్తి. నీకు ఆపరేషనాయె. ఫ్రీ బస్సు వచ్చినకాంచి మీ ఆడోళ్లకు కాళ్లాగుతలేవు."

కీర్తన గోడకు ఆనుకుని నిలబడింది. ఉచిత బస్సు వచ్చినప్పుడు, చార్జీ మిగులుతుంది, షాపు పనికి పొమ్మని తనను తరిమింది ఇతనే. ఆ సంగతి నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే, పోయినందుకే ఇట్లయిందంటాడు.

"తీయించుకుంట తీ" అంది చివరికి.

"ఎట్ల తీయిస్తవ్? తీయించుకుంటే దొరకనని నీ తెలివి. ఉండనియ్యి. పుట్టినంక రక్తపరీక్ష చేయిస్త. నాదైతే నాది. కాకుంటే అప్పుడు చెప్త."

సాలమ్మ ఆలోచన వేరు. చర్చి ఆడవాళ్లకు తెలిసేలోపు గుట్టుగా పోవాలి. "బొప్పాయి కాయ, నువ్వులు, బెల్లం తినుకుంట ఉండు. మా కాలంల మేం పసర్లు తాగలేదా? బతికెటోళ్లం బతికినం" అంది. బతకనివాళ్ల సంగతి ఆమె చెప్పలేదు. కొడుకు కడుపు ఉంచమంటాడు, తల్లి పోగొట్టమంటుంది. ఇద్దరూ కీర్తన ఎదుటే వాదించుకున్నారు. ఆమె ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఉంచుకుంటే తొమ్మిది నెలలు ముద్దాయి, తీయించుకుంటే జీవితమంతా దొంగ. కంచాలు కడుగుతూ ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఎటు నుంచి చూసినా ఆ ఇంట్లోంచి బయటికి దారి కనబడలేదు.

ఆ తరువాత శామ్యూల్ షాపుకు ఫోన్లు మొదలుపెట్టాడు. ఎక్కడున్నవ్, పక్కనెవలున్నరు, వీడియోల చూపియ్యి. ఒక మధ్యాహ్నం ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని కనబడ్డాడు. మగవాళ్లు కౌంటర్ దగ్గరికి వస్తే, చీర విప్పేముందు కీర్తన ఆ చాయ్ హోటల్ వైపు చూడడం మొదలుపెట్టింది. షాపులో కూర్చోవడానికి లేదు. కాళ్లు బరువెక్కి, నడుము లాగి, ఒకసారి చీరల మూట మీద ఒరిగిపోయింది. "కూర్చునుడు గావాలంటే ఇంట్ల కూర్చో" అన్నాడు సూపర్‌వైజర్. ఇంట్లో కూర్చోమని మొగుడూ అదే అంటున్నాడు.

పక్క కౌంటర్ ఉమ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తండా నుంచి వచ్చే పిల్ల, తక్కువ మాట్లాడుతుంది. కీర్తన ఆమెతోనే చెప్పుకుంది. మెడికల్ షాపులో గోలీలు దొరుకుతాయట గదా అని అడిగింది.

"వద్దక్కా. మా వదిన గట్లనే మింగింది. రక్తం ఆగక చావు దాకా పోయి వచ్చింది. దవాఖానకు పో. నేనొస్త."

ఇద్దరూ కడుపునొప్పి అని చెప్పి సగం రోజు జీతం కోయించుకుని సర్కారు దవాఖానకు పోయారు. డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. "ఆపరేషన్ అయినంక వచ్చే కడుపు ఒక్కోసారి నాళంలోనే నిలుస్తుంది. గోలీలు మింగితే అది పోదు, పగిలితే ప్రాణం పోతుంది. నీది గర్భసంచిలోనే ఉంది, ఏడు వారాలు" అంది.

"ఆపరేషన్ అయినంక గూడ అయితదా మేడమ్?" అంది కీర్తన. "నిజంగ అయితదా?"

"అరుదుగా అవుతుందమ్మా. కట్టిన నాళం మళ్లీ అతుక్కుంటుంది. ఎవరి తప్పూ కాదు."

ఆ చివరి మాటకు కీర్తన ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఏడవడం అదే మొదలు. డాక్టరమ్మ ఆగి చెప్పింది: వద్దనుకుంటే ఇప్పుడు గోలీలతో పోతుంది, లేదా ఇక్కడే చిన్న పని చేసి తీస్తాం. ఆపరేషన్ ఫెయిలైన వాళ్లకు చట్టమే ఒప్పుకుంటుంది. మేజర్‌వి, నీ ఒక్కదాని సంతకం చాలు, మీ ఆయనది అక్కర్లేదు. ఉంచుకుంటానంటే అదీ నీ ఇష్టమే.

"నీకేం కావాలి?"

ఎవరిదో అడిగారు, ఎట్లయిందో అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు.

"ముందు మా ఆయనకు జర మీరే చెప్పుర్రి మేడమ్" అంది.

మర్నాడు శామ్యూల్ మూతి ముడుచుకునే వచ్చాడు. డాక్టరమ్మ అతనికి నాళాల బొమ్మ గీసి చూపించింది. అనుమానపడాల్సింది ఆపరేషన్‌ను గాని మనిషిని కాదని చెప్పింది. ముందుముందు ఏ భయం లేకుండా మగవాళ్లకు కుట్లు లేని ఆపరేషన్ ఉందని కూడా అంది. ఆ మాట దగ్గర అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

వరండాలోకి వచ్చేసరికి అతని నడకే మారిపోయింది. ఫోన్ తీసి, "అవ్వా, మనదేనే! ఆపరేషన్‌ను గూడ తన్నుకొని వచ్చిండు!" అని నలుగురు తిరిగి చూసేట్టు నవ్వాడు. "దేవుడిచ్చిండు. ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పాలె." తరువాత కీర్తన భుజం మీద చెయ్యి వేశాడు. "సరే తియ్యి, మాఫ్ చేసిన. ఇగ షాపు బందు జెయ్. మంచిగ తిని ఇంట్ల ఉండు."

మాఫ్ చేసిన. కీర్తన ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంది. దేనికి? నిన్నటి దాకా ఈ కడుపు తన నేరం. ఇవాళ అతని మొగతనం, రేపు చర్చిలో దేవుని అద్భుతం. అతను నమ్మిన రోజు గుండె తేలికవుతుందని ఎన్ని రాత్రులు ఎదురుచూసింది! అతను నమ్మాడు. గుండె ఏమీ తేలిక కాలేదు. నమ్మనప్పుడు ఫోన్‌తో బంధించాడు, నమ్మితే ఇంటి లోపల బంధిస్తున్నాడు. ఈ బిడ్డ పుట్టాక తను మళ్లీ ఎప్పుడైనా బస్సు దిగి ఆలస్యంగా వస్తే, ఆ మొదటి ప్రశ్న అతని కళ్లలో ఉండదా?

అతను పండ్లు తెస్తానని గేటు వైపు పోయాడు. కీర్తన డాక్టరమ్మ గదిలోకి తిరిగి పోయింది.

"నాకొద్దు మేడమ్. గోలీలు గాదు, ఇక్కడనే తీయుర్రి." గోలీలతో ఇంట్లో రక్తం పోతే ఆ రక్తానికీ సాలమ్మకు జవాబు చెప్పుకోవాలి. "తీసినంక నాకేం పెడితే మళ్ల కాదో, గది గూడ పెట్టుర్రి." కాపర్‌టీ అప్పుడే పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. కీర్తన సంతకం చేసింది. పేరు అక్షరం అక్షరం పూర్తిగా రాసింది.

శామ్యూల్ యాపిల్ పండ్ల సంచితో వచ్చేసరికి ఆమె దవాఖాన గౌను వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

"నీకు దిమాగ్ ఖరాబైందా? ఇంటికెట్ల వస్తవో చూస్త!"

ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. రాత్రికి పోవాల్సింది ఆ ఇంటికే. పిల్లలు ఉన్నది అక్కడే. సాలమ్మ మంచం వాకిట్లోనే ఉంటుంది, ఆదివారం చర్చి ఆడవాళ్ల చూపులు ఉంటాయి, అతను రేపటి నుంచి ఏం చేస్తాడో చెప్పలేం. అయినా ఆమె తలుపు దగ్గరి నుంచి కదలలేదు.

అతను గొంతు తగ్గించాడు. దాదాపు బతిమాలాడు. "నమ్మిన అంటున్న గదనే. నాదే అని ఒప్పుకుంటున్న గద. ఇగెందుకు తీయించుకుంటవ్?"

"నీదేనయ్యా" అంది కీర్తన. "నాది గూడ అనుకునే సందు ఒక్కనాడన్న ఇచ్చినవా?"