పట్టని డ్రైవ్

“ఇది పట్టదు బాబాయిగారూ,” అంది రిపేరు షాపు ఆవిడ, నేనిచ్చిన ఎస్ఎస్‌డీని, అదే మెమరీ డ్రైవ్‌ను, లాప్‌టాప్ పక్కన పెట్టి చూసి. “మీది చిన్న లాప్‌టాప్. ఇందులో సగం పొడుగుదే సరిపోతుంది.”

“తెలుసమ్మా, సరిపడేది కొందామనే వచ్చాను. ఇది పట్టదని కొన్న రోజే తెలిసింది.”

“మరి మార్చుకోలేదే?”

“వారంలోగా తెస్తే మారుస్తామన్నారు.”

“ఎప్పుడు కొన్నారేంటి?”

“మూడేళ్లయింది.”

నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. ఆ మాత్రం దయ చాలామందికి ఉండదు.

నలభై ఏళ్లు వంతెనలకు నక్షాలు గీసినవాణ్ణి. మిల్లీమీటరు తేడా వస్తే కాగితం చించి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. అలాంటిది మా ఆవిడ లాప్‌టాప్ కోసం ఈ డ్రైవ్ కొన్నప్పుడు కొలత అడగనే లేదు. ఇంత చిన్న వస్తువులోనూ పొట్టీ పొడుగూ ఉంటాయని తోచలేదు. ఇంటికి తెచ్చి అడుగు మూత విప్పితే, స్క్రూ బిగించాల్సిన చోటు దాటి సగం బయటికే ఉండిపోయింది. మా ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

“ఏళ్ల తరబడి నదులు కొలిచారు, వేలెడంత దాన్ని కొలవలేకపోయారా మహానుభావా!”

“రేపు మార్చుకొస్తాలే,” అని దాన్ని సొరుగులో పెట్టాను.

చూపులేని పిల్లల కోసం ఆమె బడి పాఠాలు చదివి, ఆ లాప్‌టాప్‌లోనే రికార్డు చేసి, వాళ్ల లైబ్రరీకి పంపేది. దానికి పుట్టుకతో వచ్చిన మెమరీ బొటాబొటీ. పది రోజులకోసారి ‘స్థలం లేదు’ అని మొరాయించేది.

“ఏమండీ, మీ నక్షాలన్నీ స్కాన్ చేసి పెట్టానుగా, అవే సగం మింగేస్తున్నాయి. కొన్ని తీసేయనా?” అని ఒకసారి అడిగింది.

“వాటిని ముట్టుకోకు. రేపు ఆ డ్రైవ్ మార్చుకొస్తానన్నానా?”

“మీ రేపు ఏ క్యాలెండర్లోనూ లేదు లెండి,” అంది. కోపంగా కాదు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అడగడం మానేసింది కాబట్టి ఇబ్బంది తీరిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది.

ఆమె పోయి ఎనిమిది నెలలు. ఈమధ్య లాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది. ఏదో ఒక రోజు అసలు తెరుచుకోదేమోనని భయం పట్టుకుంది. లైబ్రరీ వాళ్లని అడిగాను. పుస్తకాలు మారాక పాత రికార్డింగులు తీసేశామన్నారు, పాపం ఎంతో నొచ్చుకుంటూ. ఇక ఆమె గొంతు ఉంటే ఇందులోనే ఉండాలి. దాన్ని కొత్త డ్రైవ్‌లోకి భద్రంగా ఎక్కిద్దామనే వచ్చాను. అదంతా షాపు ఆవిడకు చెప్పాను.

ఆవిడ తన దగ్గరున్న పొట్టి డ్రైవ్ ఒకటి తీసి స్లాట్‌లోకి నెట్టి స్క్రూ బిగించింది. ఇట్టే కూర్చుంది. తర్వాత ‘పాఠాలు’ అన్న ఫోల్డర్ తెరిచింది. తరగతి వారీగా, వరుస నంబర్లతో, పొందిగ్గా పేర్లు. ఒకటి తెరిచింది. ఖాళీ. ఇంకోటి తెరిచింది. అదీ ఖాళీయే.

“పేర్లున్నాయి గానీ లోపల ఏమీ లేదు బాబాయిగారూ. పంపినవాటిని పిన్నిగారు ఎప్పటికప్పుడు తీసేసినట్టున్నారు.”

“చోటు కోసం,” అన్నాను.

“మరి చోటంతా దేనికి పోయింది?” అంటూ వెతికి, తెర నా వైపు తిప్పింది. ‘ఆయన నక్షాలు’. ఒక్కటి కూడా తగ్గలేదు.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆ నక్షాల అసలు ప్రతులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఇక వాటితో నాక్కూడా పని లేదు. ముట్టుకోకు అని ఒక్కసారే అన్నాను. ఆమె ముట్టుకోలేదు. వాటి బదులు తన గొంతునే ఒక్కో పాఠం చొప్పున చెరుపుకుంటూ వచ్చింది.

“చెరిపినవి తిరిగి రావా అమ్మా?”

“వాటి చోట్లోనే కొత్తవి చేరుతూ వచ్చాయి. కష్టమే. ఉండండి, మొత్తం గాలిస్తాను.” నాకు స్టూలు జరిపి, తను నిలబడే వెతికింది. చాలాసేపటికి, “ఇదిగో, ఒక్కటుంది. పేరు కూడా పెట్టలేదు. తప్పిపోయి మిగిలినట్టుంది. పదకొండు సెకన్లు,” అంది.

మీట నొక్కింది.

“కొండల్లో పుట్టిన నది...” అని మొదలై ఆగింది మా ఆవిడ గొంతు. “ఏమండీ, కాస్త ఆ ఫ్యాన్ కట్టేయండి. చప్పుడు పడుతోంది.”

ఎక్కడో దూరం నుంచి నా గొంతు: “ఆఁ, ఒక్క నిమిషం.”

చిన్న నవ్వు. “ఇంకేం, మళ్లీ మొదటినుంచి.”

అంతే.

“ఇంకోసారి పెట్టనా?” అంది షాపు ఆవిడ. తలూపాను.

వెంటనే నొక్కలేదు. గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ కట్టేసింది. మా తలల మీద తిరుగుతున్న ఫ్యాన్ నెమ్మదించి, పూర్తిగా ఆగేదాకా చూసింది. అప్పుడు వచ్చి నొక్కింది.